నా వేళ్లు తిప్పిందెవరో

కూసో బుజ్జీ. సక్కగ కూసొని ఇను, ఇన్నది ఇన్నట్టే రాయి. జములమ్మ తల్లి తోడు, ఒక్క ముక్క అబద్దం లేదు.

నా తలకాయల గడ్డ లేసింది గద. పట్నం దవాఖాన్ల డాక్టరమ్మ అన్నది, "పెద్దమ్మా, గడ్డ నీ కుడిచెయ్యిని నడిపే జాగకు ఆనుకోని ఉన్నది. నువ్వు మెలకువతోనే ఉండాలె. చెయ్యి ఆడిస్తనే ఉండాలె." మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు మెలేసి అతికే చెయ్యి అది. అది పోతే నేనేం జెయ్యాలె?

గుండు గీకిన్రు. బుర్ర తెరిచిన్రు. నొప్పి తెల్వలే. బొట్టుబిళ్లల అట్ట లెక్క సన్నటి పట్టీ... మెదడు మీద ఆనిచ్చిన్రు. మెదడు ఏం జేస్తుందో టీవీల గీతలొస్తయంట. గీతతోని కుయ్... కుయ్... సప్పుడు. కిటికీ లేదు. పగలో రాత్రో తెల్వదు. నా చేతిల నూలు పెట్టి అతుకుమన్నరు. అతుకుతున్న...

ఒక్కపారి చెయ్యి సల్లవడ్డది. నాది కానట్టయింది. కుయ్ సప్పుడు గూడ ఆగింది. "ఆపుండ్రి!" అన్నది డాక్టరమ్మ. అందరు ఆపిన్రు.

గప్పుడు... వేళ్లు మెల్లగ తిరగవట్టినయ్. నేను తిప్పుతలేను బిడ్డా! అదీ ఎడమకు. నేను కుడికి మెలేస్త. ఎడమకు మెలేసేది మన ఇంట్ల ఒక్కతే... సచ్చిపోయిన మా అత్త. బతికినన్ని దినాలు గా మెలి కాడనే మాకు లొల్లి.

నేనేమన్ననో ఎరికేనా? గట్టిగ, అంత మంది ముంగట, "నా చేతిలకెళ్లి పో, ముసలి ముం..." ఛీ, గది రాయకు! నవ్వకే! డాక్టర్లు, నర్సు పోరిలు అందరు ఇన్నరు. సిగ్గుతోని సచ్చిన.

తిట్టంగనే వేళ్లు ఆగినయ్. జరసేపటికి చెయ్యి నాకొచ్చింది, గడ్డ తీసేసిన్రు.

తర్వాత డాక్టరమ్మను అడిగిన. "టీవీల నీ మెదడు గీత పడిపోయింది, గప్పుడు చెయ్యి కదలొద్దు పెద్దమ్మా. కదిలింది. ఎందుకో నాకూ తెల్వదు" అని పోగులు చూపిచ్చింది. ఎడమ మెలి...

నా మెదడే గట్ల జేసిందో... నా చెయ్యి కాపాడనీకె ఆమెనే వచ్చిందో. వచ్చుంటే, తిట్టి ఎళ్లగొట్టిన గద! మగ్గం ముంగట కూసుంటే తల ఎత్తబుద్ధయితలేదు. నిన్న ఎవ్వరు లేంది చూసి, "మాఫీ చెయ్యి అత్తా" అన్న. అనంగనే నా కుడిచెయ్యి మెల్లగ ఎడమకు...

"అత్తా! రొట్టెలు సల్లారుతున్నయ్, లేస్తవా లేదా?"

ఆఁ, మీ అమ్మ పిలుస్తుంది. వస్తున్ననే కోడలా!