జారిపడ్డట్టు రాసిన గాయం

1988 జూన్‌లో నన్ను రేపల్లె దగ్గర ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆసుపత్రి ఏ ఊళ్లోదో రాయను. జరిగిన తప్పు నాది, ఆ ఊరికెందుకు అంటగట్టాలి?

గాయాల రిజిస్టరు నా చేతిలో ఉండేది. కొట్లాటలో దెబ్బ తగిలి వచ్చిన మనిషి పేరు, ఎవరు దేనితో కొట్టారన్నది, గాయం పొడవు, లోతు అందులో రాసి పోలీస్ స్టేషనుకు కబురు పంపాలి. కేసు కోర్టుకెక్కితే ఆ పేజీయే సాక్ష్యం. నిబంధనల్లో ఆడా మగా తేడా లేదు. తేడా అంతా మా అలవాటులో ఉండేది. భర్త కొట్టాడని భార్య వస్తే వెంటనే ఆ రిజిస్టరు తీసేవాళ్లం, అది సరైన పనే. భార్య కొట్టిందని భర్త వస్తే మాత్రం మామూలు ఓపీ పుస్తకంలో 'జారిపడ్డాడు' అని రాసి, కట్టు కట్టి పంపేసేవాళ్లం. అతని పరువు కాపాడుతున్నామని మా ధీమా.

ఆ ఏడాదే ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకు ప్రకాశరావు మాస్టారు వచ్చారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఎడమ కనుబొమ చీలింది, తెల్లచొక్కా నిండా రక్తం. భార్య ఇత్తడి చెంబు విసిరిందని, ఇది మొదటిసారి కాదని చెప్పారు. స్టాఫ్ నర్సు మొహం అటు తిప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇదేంటి మాస్టారూ, ఈ సంగతి తెలిస్తే రేపు క్లాసులో పిల్లలు ఊరుకుంటారా? బాత్రూంలో జారిపడ్డారని రాస్తాలెండి," అన్నాను.

"వద్దండి. జరిగింది జరిగినట్టే రాయండి. ఎప్పటికైనా అవసరం పడుద్దండి," అన్నారాయన.

నేను వినలేదు. నాలుగు కుట్లు వేసి, భుజం తట్టి, నేను రాయదలచుకున్నదే రాశాను.

మూడేళ్ల తర్వాత, నేను బాపట్లలో పనిచేస్తుండగా కోర్టు సమన్లు వచ్చాయి. మళ్లీ చెంబు ఎత్తిన భార్య చేతిని మాస్టారు పట్టుకున్నారట. ఆ పెనుగులాటలో ఆమె మణికట్టు ఎముక విరిగింది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్రగాయం. ఆమె దెబ్బ అబద్ధం కాదు. నా తర్వాత వచ్చిన డాక్టరు దాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. పోలీసులు మాస్టారిని అరెస్టు చేశారు, స్కూలువాళ్లు సస్పెండ్ చేశారు. అంతకుముందు దెబ్బలు తిన్నది తానేనని, ఆత్మరక్షణకే చెయ్యి పట్టుకున్నానని చూపించడానికి ఆయనకు మిగిలింది నా పేజీ ఒక్కటే.

డిఫెన్సు లాయరు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు, ఆ ఆదివారం పేషెంటు నాతో ఏం చెప్పాడని. నిజం చెబితే ప్రభుత్వ రికార్డులో తెలిసి తెలిసి తప్పు రాశానని ఒప్పుకున్నట్టే. శాఖాపరమైన విచారణ తప్పదు, రావలసిన ప్రమోషన్ ఆగిపోతుంది. ఎదురుగా నిలబడ్డ మాస్టారి కనుబొమ మీద నా కుట్ల మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది.

రికార్డులో ఉన్నదే నాకు గుర్తుందని చెప్పాను. పిరికితనం తప్ప దానికి వేరే పేరు లేదు.

మాస్టారికి శిక్ష పడింది, ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఒకసారి తెనాలి బస్టాండులో ఎదురుపడ్డారు. నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆయన నమస్కారం పెట్టి, "ఆ రోజే రాసుంటే సరిపోయేదండి డాక్టర్ గారూ," అని రేపల్లె బస్సెక్కారు. ఆయన భార్య చేతికీ న్యాయం జరగాల్సిందే, ఆయన కనుబొమకూ జరగాల్సిందే. ఒక గాయానికి కాగితం ఉంది, రెండోదానికి లేదు. లేకుండా చేసింది నేను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, దెబ్బలతో ఎవరొచ్చినా గాయాల రిజిస్టరే తీశాను. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాశాను. అలా రాయాలని నిబంధనల్లో మొదటినుంచీ ఉంది. అది నేను నేర్చుకునేసరికి ఒక మాస్టారి ఉద్యోగం పోయింది.