మా మేనేజరుతో మిల్లుపేటల నడక

గుంటూరు బయట నేను పనిచేసిన స్పిన్నింగు మిల్లుకి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, జర్మనీ నుంచి ఒక మెషీను కొన్నారు. దాన్ని విప్పడం, బిగించడం నేర్చుకోవడానికి ఎవరినైనా పది రోజులు తమ ఊరు పంపమన్నారు అమ్మినవాళ్ళు. ఫిట్టర్ల మీద ఫోర్‌మన్ని నేను, కాబట్టి వెళ్ళాల్సింది నేను. కానీ ఒక ఫోర్‌మన్ ఒంటరిగా విమానం ఎక్కడం మా మేనేజరుకి నచ్చలేదు. ఆయన యజమాని గారి బావమరిది. మెషీన్ల గురించి ఆయనకి తెలిసిందల్లా అవి ఆగినప్పుడు ఎవరిని తిట్టాలన్నదే. ఆయన కూడా బయల్దేరాడు.

బ్రాడీపేటలో సూటు కుట్టించుకున్నాడు, కొత్త బూట్లు కొన్నాడు. తన ఆవకాయ సీసా, కారప్పొడి, అటుకులు నా పెట్టెలో పెట్టించాడు. సూటుకి నూనె అంటుకుంటుందట. నా బట్టలకి అంటుకుంటే ఫరవాలేదన్నమాట.

అక్కడ అయిదు రోజులు నేను గ్రీజు చేతులతో పని నేర్చుకుంటే ఆయన మెషీను పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. ఆదివారం వచ్చింది. ఇంటికి సెంట్లూ చాక్లెట్లూ కొనుక్కుందామని ఆయన పొద్దున్నే తయారైతే ఊళ్ళో ఒక్క కొట్టూ తెరవలేదు. ఆదివారం మూసేస్తారని తనకెవరూ చెప్పలేదని నన్ను తిట్టాడు.

హోటల్లో కౌంటరు దగ్గరున్నావిడ జాలిపడి ఒక మడత కాగితం ఇచ్చింది. ఊరి చివరి పేటల పటం అది. ఒకటి నుంచి పధ్నాలుగు దాకా అంకెలు వేసి, ప్రతి అంకె దగ్గరా ఏముందో ఇంగ్లీషులోనూ రాశారు. గైడుతో పని లేదు. కాగితం పట్టుకుని ఎవరికి వారే నడవొచ్చు.

"కోట ఉంటుందయ్యా," అన్నాడు మేనేజరు. "లేకపోతే ఇంత మంచి కాగితం మీద అచ్చేస్తారా? మా అమ్మమ్మగారిది కనిగిరి. అక్కడ అంత కోట ఉంటే ఎవడూ ఒక కాగితం అచ్చెయ్యలా."

కాగితం చేతిలోకి తీసుకున్నాడు కానీ చదవలేదు. చదివి ఉంటే గది దాటి వచ్చేవాడు కాదు.

ట్రాము ఆఖరి స్టాపులో దిగాం. ఒకటో అంకె దగ్గర ఇటుకల పొగగొట్టం ఉంది. రెండో అంకె దగ్గర మసి పట్టిన గోడ. మూడో అంకెకి ఒక బట్టల మిల్లు కూలీల ఇళ్ళు, వరసగా, ఒకే మాదిరివి. ఆయన ఇళ్ళ వెనక కోట ఉందేమోనని తొంగి చూశాడు. పెరట్లో ఒకాయన క్యాబేజీకి నీళ్ళు పోస్తున్నాడు.

నేను కాగితం అడిగి తీసుకుని చదివి వినిపించాను. ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఉండేవారట, పగలు పనికి పోయినవాడి మంచం మీద రాత్రి పనివాడు పడుకునేవాడట.

"ఇది చూట్టానికా మనల్ని నడిపించేది? మన క్వార్టర్లకి రమ్మను వీళ్ళని. ఊరికే చూపిస్తా."

క్వార్టర్లంటే మా మిల్లు వెనక నాలుగు వరసల రేకుల ఇళ్ళు. వినుకొండ పక్క పల్లె నుంచి పనికొచ్చిన కొత్తలో నేనూ ఆరేళ్ళు అందులో ఉన్నాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు. నేను నవ్వాను. అప్పట్లో ఆయన ఏమన్నా నవ్వేవాణ్ణి.

కొత్త బూట్లు కరిచి ఆయన కుంటడం మొదలుపెట్టాడు. ఎర్రరంగు వేసిన దారి మెత్తగా ఉందని దాని మీద నడిచాడు. అది సైకిళ్ళ దారి. సైకిలు మీద వచ్చిన ముసలావిడ కాలు కింద మోపి, వేలు చూపిస్తూ చాలాసేపు చీవాట్లు పెట్టింది. పరదేశీయుల్ని పలకరిస్తోంది అనుకుని ఆయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఆవిడ వెళ్ళాక, "మర్యాద చూశావా," అన్నాడు నాతో.

తొమ్మిదో అంకె దగ్గర అయిదంతస్తుల నూలు మిల్లు వచ్చింది. మిల్లు మూసేసి ఎన్నో ఏళ్ళయింది. లోపల ఫ్లాట్లు కట్టారు. బాల్కనీల్లో పూలకుండీలు ఉన్నాయి. ఎదురుగా బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మేము ఎవరమని చేత్తోనే అడిగాడు. "ఇండియా, కాటన్," అన్నాను. ఆయన లేచి నిలబడి, ఎడంచేత్తో గాలిలోంచి దారం లాగి, కుడిచేతి రెండు వేళ్ళతో తిప్పి అతికించాడు. తెగిన పోగు అతకడం అది. నేనూ అట్లాగే చేసి చూపించాను. ఆయన నా భుజం మీద కొట్టి, మూడో అంతస్తులో ఒక కిటికీ చూపించాడు. ఆయన పనిచేసిన చోటు.

కుక్కని నడిపిస్తూ ఒక అమ్మాయి వచ్చింది. ఆమెకి ఇంగ్లీషు వచ్చు. ముసలాయన మాటలు మాకు చెప్పింది. మిల్లు మూసినప్పుడు కూలీల ఇళ్ళు కూలగొట్టడానికి వచ్చారట. ఆడవాళ్ళూ పిల్లలూ సహా అందరూ లోపల్నుంచి కదలకుండా కూర్చున్నారట. వారాల తరబడి. చివరికి వచ్చినవాళ్ళే వెళ్ళిపోయారు. ఆయన ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు.

అంతా విని మా మేనేజరు ఆ అమ్మాయిని ఒకటే అడిగాడు, ఈ ఫ్లాట్లు ఎంతకి పోతాయని. తెలియదంది. తర్వాత కెమెరా ముసలాయన చేతికిచ్చి, సూటు సర్దుకుని మిల్లు ముందు నిలబడ్డాడు. గుంటూరు వచ్చి ఆ ఫొటో కడిగిస్తే అందులో మిల్లు ఉంది, సూటు ఉంది, తల లేదు. ఆయన ఆల్బం నిండా ఉన్న ఫొటోల్లో నాకు నచ్చింది అదొక్కటే.

మిగిలిన అయిదు అంకెలూ చూడకుండానే ట్రాము ఎక్కేశాం.

తిరిగొచ్చిన వారానికి యజమాని గారు ఇద్దర్నీ పిలిచారు. మెషీను సంగతి అడుగుతారని నేను నోటుపుస్తకం పట్టుకెళ్ళాను. మేనేజరు దాన్ని తెరవనివ్వలేదు.

"అక్కడ మిల్లుల దగ్గర కూలోళ్ళని ఎవడూ పెట్టుకోట్లేదు బావా. ఖాళీ చేయించి ఫ్లాట్లు లేపారు. మనమేమో రోడ్డు పక్క స్థలంలో రేకుల కొంపలు ఉంచుకుని కూర్చున్నాం. కావాలంటే ఇతన్నడుగు."

"ఏమయ్యా, నిజమేనా?" అన్నారు యజమాని గారు.

ఒక్క మాట చెబితే చాలు. ఇళ్ళు పోలేదండి, పోయింది మిల్లేనండి అని. అప్పటికి నేను క్వార్టర్లు వదిలి ఊళ్ళో అద్దె ఇంటికి మారాను. వచ్చే నెలలో నా పైన ఉన్న సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అవుతోంది.

"అవునండి," అన్నాను.

కొత్త పత్తి రాకముందే క్వార్టర్లు పడగొట్టారు. ఆ పొద్దున, ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న ముస్లిం అక్క, నా పెళ్ళికి గోరింటాకు నూరిన మనిషి, సామాను రిక్షాలో వేసుకుంటూ నన్ను చూసింది.

"జర్మనీలో కూడా ఇట్టాగే కూలగొట్టారంట గదా తమ్ముడూ. నువ్వే చెప్పావంట."

"లేదక్కా. అక్కడ కదలకుండా కూర్చున్నారు. కూలగొట్టలేకపోయారు."

"మరి ఆ మాట నిన్నన్నా చెప్పకపోతివే," అని ఆమె బిందె తీసి రిక్షాలో పెట్టుకుంది.

సూపర్‌వైజరు పోస్టు నాకే ఇచ్చారు. ఫ్లాట్లు లేవలేదు. ఆ స్థలంలో తుమ్మచెట్లు మొలిచాయి. మూడేళ్ళకి మిల్లే మూతపడింది. మా మేనేజరు స్థలాల వ్యాపారంలోకి దిగి కారు కొన్నాడు. ఎక్కడ కలిసినా పక్కవాళ్ళకి నన్ను చూపించి, "మేమిద్దరం జర్మనీలో కోటలన్నీ నడిచి చూశాం," అంటాడు. నేను కాదనను.