చెవి మేస్త్రీ, సబ్బునీళ్ల బకెట్టు

టైర్ల షాపులో అతణ్ణి అందరూ చెవి మేస్త్రీ అంటారు. గొట్టంలోగానీ, వాల్వులోగానీ, గాలి ఎక్కడ కారుతున్నా ముప్పై ఏళ్లుగా చెవి ఆనించే చెప్పేస్తున్నాడు. లీకు పట్టడానికి సబ్బునీళ్లు పూసేవాళ్లంటే అతనికి చిన్నచూపు. "సబ్బునీళ్లు చెవిటోళ్లకిరా!" అని పదిమందిలోనూ అంటాడు. ఇక కోపమంటారా, అది ఎప్పుడూ ముక్కు మీదే. స్పానరు జారితే స్పానరునే తిడతాడు.

ఆ ఉదయం తిట్లన్నీ బావమరిది నెత్తిన పడ్డాయి. టైర్లు విప్పే పాత గాలి మిషను మీద జీపు చక్రం తిరుగుతోంది. రిమ్మును పట్టుకోవాల్సిన నాలుగు దవడలు ఉన్నట్టుండి వదులయ్యాయి. చక్రం ఎగిరొచ్చి బావమరిది మణికట్టును కొట్టింది. ఎముక విరగలేదు గానీ చెయ్యి బాగా వాచింది.

"దవడలు విప్పే పెడల్ తొక్కేసుంటావు! కళ్లు నెత్తికెక్కాయా?"

"తొక్కలేదు బావా. వారం నుంచీ కింద సుయ్‌మంటోందని నీకు మూడుసార్లు చెప్పాను."

"నాకు వినపడని సుయ్ నీకెక్కణ్ణుంచి వినపడిందిరా?"

జీపు డ్రైవరు వింటూనే ఉన్నాడు. బావమరిది మొహం నల్లబడింది. "పన్నెండేళ్లుగా నీ నోరు భరిస్తున్నాను. మిషను విప్పి చూడు. తప్పు నాదని తేలితే పడతాను. తేలకుండా అన్నావో, రేపట్నుంచి రాను," అన్నాడు. అతను మాట మీద నిలబడే మనిషి. వెళితే తిరిగి రాడని మేస్త్రీకి తెలుసు. తెలిసేసరికి ఇంకా మండింది.

మిషను పక్క రేకు ఊడదీసి నేలకేసి కొట్టాడు. పెడల్ వాల్వు విప్పాడు, శుభ్రంగా ఉంది. దవడలను నడిపే సిలిండర్లు విప్పాడు, రబ్బర్లు నిగనిగలాడుతున్నాయి. తప్పు ఎక్కడా దొరక్కపోవడం కూడా బావమరిది నేరమే అన్నట్టు అతన్ని కొరకొరా చూస్తూ అన్నీ తిరిగి బిగించి మిషనులోకి గాలి వదిలాడు. కాసేపటికి మూలనున్న కంప్రెసర్ దానంతటదే మోత మొదలెట్టింది.

"ఎవరూ వాడకుండానే ట్యాంకులో గాలి ఎటు పోతోంది బావా?" అన్నాడు బావమరిది.

మేస్త్రీ కంప్రెసర్ కట్టేశాడు. ఫ్యాన్ ఆపాడు. షట్టరు కిందికి లాగాడు. వంగి, చక్రాన్ని తిప్పే పళ్లెం కింద చెవి పెట్టాడు. ఏమీ లేదు. చెవి మార్చి విన్నాడు. ఏమీ లేదు.

నాలుగడుగుల దూరంలో నిలబడ్డ బావమరిది, "అదిగో," అన్నాడు.

"నోర్ముయ్!"

కిందటి వారం ఇంట్లో స్టవ్ మీద మంట ఆరిపోయి గ్యాస్ బుస్సుమంటుంటే మేస్త్రీ పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. భార్య పరుగున వచ్చి కట్టేసి, "ఆ చప్పుడు వినపడలేదా?" అంది. జలుబు చేసి వాసన తెలియలేదని ఎదురు తిరిగి, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ అడిగింది వాసన గురించి కాదు.

టైరు అంచులకు పూసే సబ్బునీళ్ల బకెట్టు విసురుగా లాక్కున్నాడు. సగం నీళ్లు కాళ్ల మీద ఒలికాయి. బ్రష్షు ముంచి పళ్లెం కిందికి పోనిచ్చాడు. తిరిగే ఇరుసుకు దవడల గాలి గొట్టాలు కలిసేచోట బుడగలు తెల్లగా పొంగాయి. తుడిచాడు. మళ్లీ పొంగాయి. వాటిని చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు చెవి పక్కనే హోరెత్తిన ఆ కంప్రెసర్‌ను ఒక్క తన్ను తన్నాడు. వేలు నొప్పెట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు.

గాలంతా తీసేసి ఇరుసు విప్పితే, లోపలి రబ్బరు రింగు అరిగి చీలి ఉంది. కొత్తది వేసి బిగించాడు. షట్టరు ఎత్తి, జీపు డ్రైవరు ఎదుటే, కొట్లాటకు దిగినట్టు అరిచాడు:

"తప్పు నీది కాదు. నాకే వినపడి చావట్లేదు!"

మేస్త్రీ గాలి పెట్టి, అలవాటుగా వంగబోయి ఆగాడు.

"నువ్వు విను," అని కసిరాడు.

బావమరిది వాచిన చేతిని గుండెకు ఆనించుకుని వంగాడు. చాలాసేపు విన్నాడు. "ఏం లేదు బావా."

మేస్త్రీ బ్రష్షు ముట్టుకోలేదు. జీపు చక్రాన్ని ఎత్తి పళ్లెం మీద పెట్టి, దవడలు బిగించాడు. పొద్దున బావమరిది నిలబడ్డ చోటే నిలబడి, తన చెయ్యి అక్కడే ఆనించి, పళ్లెం తిప్పే పెడల్ తొక్కాడు.