అమ్మ మొదటి డ్యూటీ

నిన్న కొవ్వూరు బస్టాండులో, చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న ఓ అమ్మాయి విజిల్ ఊదగానే నా ఆరేళ్ల వయసు గుర్తొచ్చింది.

నాన్న పోయాక ఆయన కండక్టర్ ఉద్యోగం అమ్మకిచ్చారు. మొదటిరోజు మామ్మ నాకు పట్టు పరికిణీ కట్టి, "ఊరెళ్దాం పదవే" అంటూ అమ్మ పనిచేసే తణుకు బస్సే ఎక్కించింది. వెనక సీట్లో కూర్చున్నాం.

బస్సు నిండా జనం. అమ్మ "టికెట్" అంటే ఎవరికీ వినబడటం లేదు. "ఆడవాళ్లకెందుకండీ ఈ ఉద్యోగాలు?" అని ఒకాయన నవ్వాడు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మామ్మ లేచి నిలబడి, "కండక్టరు గారూ! ఇక్కడ టికెట్లు ఇవ్వండి!" అని కేకేసింది. ఇంట్లో అమ్మని "ఏమే" అని పిలిచే మామ్మ, అమ్మెవరో మర్చిపోయిందనుకుని నేను భోరుమన్నాను.

అమ్మ జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది.

"ఎక్కడికండీ?"

"మీరెంతదూరం వెళ్తే అంతదూరమండి."

తణుకులో అందరూ దిగినా మేం దిగలేదు. ఊరేదని నేను ఒకటే గొడవ. తిరుగు ట్రిప్పులో అమ్మ గొంతు డ్రైవర్ దాకా వినబడింది. అప్పుడు మామ్మ కిటికీకి తల వాల్చి నిద్రపోయింది.

కొడుకు తిరిగిన బస్సులో ఆవిడ ఆ రోజంతా ఎలా కూర్చోగలిగిందో, అడగాలన్న ఊహ నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.