తాళం చెవి ఉన్నవాడు ఆఖర్న

నా చిన్నప్పుడు మా కంపొంగ్‌లో, అంటే ఈ ఫ్లాట్లు లేవకముందు మేమున్న రేకుల ఇళ్ల పేటలో, రెండు వరసల ఇళ్లకీ కలిపి ఒకటే కుళాయి. మధ్యలో మురుగుకాలవ, దాని మీద నడవడానికి ఒక చెక్క. ఇవతల మా తెలుగువాళ్ల ఇళ్లు, అవతల మలయ్ వాళ్లవి. కుళాయి మా వైపు ఉండేది. ఎవరు బిందె తెచ్చుకుంటే వాళ్లు పట్టుకునేవారు. అది ఎవరిదన్న ఊసే ఎప్పుడూ రాలేదు.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. నీళ్లకి కోత పెట్టారు. పూటకి కాసేపే వదిలేవారు. అప్పుడు బయటపడింది మావాళ్ల బుద్ధి. మా వరసలో మొదటి ఇంటాయన్ని పెదనాన్నా అని పిలిచేవాళ్లం. చుట్టరికం లేదు గానీ పేటలో పెద్దరికం ఆయనదే. ఆ మహానుభావుడు ఒకనాడు కుళాయికి ఇనప పట్టీ బిగించి తాళం వేశాడు. ముందు మా వరసంతా నింపుకోవాలి, ఆ తర్వాత ఇంకా వస్తే అవతలివాళ్లకి. వాళ్ల వంతు వచ్చేసరికి కుళాయి బుస్సుమని గాలి వదిలేది.

అవతల నా స్నేహితురాలి వాళ్లమ్మ పచ్చి బాలింత. ఆమెని మేము మక్‌చిక్ అనేవాళ్లం, మలయ్‌లో పిన్నిలాంటి పిలుపు. నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో ఆ తల్లి. పసిగుడ్డుని చంకనేసుకుని, ఖాళీ బకెట్టు పట్టుకుని చెక్క మీద నిలబడి చూసి వెళ్లిపోయేది. నా స్నేహితురాలు ఆటకి రావడం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదట, నీళ్లేమైనా నువ్వు పుట్టించావా?" అని పెదనాన్న మొహం మీదే అరిచాను. మా అమ్మ తొడపాశం పెట్టి ఇంట్లోకి లాక్కుపోయింది. ఇప్పటికీ చెబుతున్నాను, నేను అన్నదాంట్లో తప్పు లేదు.

ఏడుస్తూ మా తాతయ్య దగ్గరికి వెళ్లాను. తాతయ్య కుర్రతనంలోనే గోదావరి జిల్లాలో కాలవ చివరి ఊరి నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాడు. చుట్ట వెలిగించుకుంటూ అంతా విన్నాడు. "ఉండవే, అరిస్తే తాళం ఊడదు" అన్నాడు, అంతే. ఆయన మీద కూడా కోపమొచ్చింది నాకు.

సాయంత్రం నీళ్ల వేళకి రెండు వరసలవాళ్లూ చేరారు. తాతయ్య మెల్లిగా వెళ్లి అందరి ఎదుటా అడిగాడు. "ఏరా అబ్బాయ్, ఈ తాళం నీ కోసమా, అందరి కోసమా?"

అంతమంది మధ్యలో నా కోసమే అని ఎవడంటాడు? "అందరి కోసమే బాబాయ్, కొట్లాటలు లేకుండా న్యాయంగా పంచుదామని" అన్నాడు పెదనాన్న. తాతయ్య ఆ మాటని అక్కడికక్కడే మలయ్‌లోకి మార్చి అవతలివాళ్లకి గట్టిగా వినిపించాడు. మక్‌చిక్ తలెత్తి చూసింది.

"సంతోషం నాయనా. మా ఊళ్లో తూము తాళం ఎవడి చేతిలో ఉంటే వాడి మడికి ఆఖర్న నీళ్లు. తరతరాల ఆచారం. లేకపోతే వాడి న్యాయాన్ని నమ్మేదెవరు? నువ్వూ అంతే చేస్తావు, నాకు తెలుసు" అన్నాడు తాతయ్య. అదీ మలయ్‌లో చెప్పేశాడు. పెదనాన్న తన బిందె పక్కకి జరిపి తాళం తీశాడు. న్యాయం అని తన నోటితోనే అన్నాడు, ఇంక ఎక్కడికి పోతాడు?

ఆ రోజు అవతలివాళ్లు ముందు పట్టుకున్నారు. మా వరస తర్వాత నింపుకుంది. పెదనాన్న బిందె అడుగు తడిసిందో లేదో, కుళాయి ఆగిపోయింది. వాళ్లావిడ నడి పేటలో నిలబెట్టి ఆయన్ని దులిపేసింది. కొద్ది రోజులకే ఆయన తాళం చెవి తెచ్చి తాతయ్య ముందు పడేసి, "ఎవరికి కావాలో తీసుకోమను" అన్నాడు. ఆఖర్న నిలబడాలంటే ఎవరికి కావాలి? ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. తాళం ఊడింది, మళ్లీ ఎవరూ వెయ్యలేదు. అవతల చంటిదానికి రోజూ నీళ్లు పోస్తున్న చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

మీ ఊరి ఆచారం ఎంత గొప్పది తాతయ్యా అని మురిసిపోయాను. ఆయన నవ్వలేదు. "ఆచారమా? మా ఊళ్లో తూము దగ్గరివాడు ముందు తన మడే నింపుకునేవాడే. మాది ఎండిపోబట్టే కదా నేను ఓడెక్కింది" అన్నాడు.

ఇప్పుడు నేను ఇదే దేశంలో పుంగ్గోల్ అనే కొత్త పేటలో, ఫ్లాట్లలో పదో అంతస్తులో ఉంటున్నాను. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు. అందులో కొన్ని జలసంధి అవతలి దేశపు నదివి, ఒప్పందం ప్రకారం గొట్టాల్లో వస్తాయి. రెండు దేశాలకీ ఏదో మాట పట్టింపు వస్తే చాలు, కింద కాఫీ షాపులో పెద్దమనుషులు నీళ్లు ఆపేస్తారట, ధర పెంచేస్తారట అని బల్లలు గుద్దుతారు. టీవీ పెడితే, ఇంకెక్కడో ఎగువ దేశం ఆనకట్ట కట్టి, కిందివాళ్ల చేలు ఎండుతుంటే మా నది మా ఇష్టం అంటుంది. సిగ్గుండాలి! నది ఏమైనా వాళ్ల పెరట్లో తవ్వుకున్న నుయ్యా?

మొన్న అలాగే తిట్టుకుంటుంటే లా చదువుతున్న మా మనవరాలు నవ్వింది. "చిల్ అమ్మమ్మా, నదుల నీళ్లకి ట్రీటీస్ ఉన్నాయి. ఫెయిర్‌గా వాడుకోవాలి, కిందివాళ్లకి పెద్ద హార్మ్ చెయ్యకూడదు."

"మరి గేట్ల తాళం ఉన్నవాడు ఆఖర్న తీసుకోవాలని రాశారా?"

"అలాంటి రూల్ ఎక్కడా లేదు అమ్మమ్మా."

"మా తాతయ్య ఊళ్లోనూ లేదే" అన్నాను.