నల్లకట్టె మీద తడిగుడ్డ

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఎవరికి చెప్పాలి? మా ఆయన పోయాడు. వినాల్సిన ఇంకో మనిషీ పోయాడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అదే నయం. ఒకటి మాత్రం ముందే అంటున్నాను, మీ జాలి నాకు అక్కర్లేదు.

బోధన్‌లో మాది ఖరాదు పని. మంచం కోళ్లు, తొట్టెల కర్రలు, పీటల కాళ్లు. నేను తాడు లాగితే కట్టె గిర్రున తిరిగేది, మా ఆయన దానికి ఉలి ఆనించి చెక్కేవాడు. లాగీ లాగీ నా అరచేతులు కాయలు కాచాయి. ఉలి మాత్రం ముట్టకూడదు. ఆడది ముడితే పదును పోతుందట! కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త చెప్పింది. తాడు లాగితే పోని పదును ఉలి పడితే ఎందుకు పోతుందో ఎవరూ చెప్పలేదు.

మా ఆయనకు పని నేర్పింది రహీం భాయ్. వయసు మళ్లాక మా కొట్టంలోనే ఇంకో పీట మీద కూర్చుని పనిచేసేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

చెరుకు తోటల దొర ఒకాయన తన చేతికర్రకు పిడి చేయమని ఒక కట్టె పంపాడు. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిందట. బొగ్గు నలుపు. ఉన్నది ఒక్కటే ముక్క. నీళ్లలో వేస్తే అడుగుకు పోయింది. కోయబోతే రంపం పళ్లు విరిగాయి. మా ఆయన రెండు ఉలులు పాడుచేసుకుని, దండం పెట్టి, దాన్ని రహీం భాయ్‌కు అప్పజెప్పాడు. భాయ్ కాసేపు చెక్కి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ చెక్కేవాడు. ఎందుకు ఆపుతున్నాడో అడగాలని ఎంతో అనిపించేది. నీకెందుకే అని మా ఆయన కసురుతాడని అడగలేదు.

ఒక శుక్రవారం రహీం భాయ్ నమాజుకు వెళ్లాడు. మా ఆయన బజారుకు పోయాడు. సగం చెక్కిన పిడి మెరుస్తోంది. చిన్న పనికి తాడు లాగే మనిషి అక్కర్లేదు, విల్లులాంటి కమానుతో ఒక్కరే కట్టెను తిప్పుకోవచ్చు. ఒక చేత్తో కమాను, ఇంకో చేత్తో ఉలి పట్టాను. అబ్బ, ఏం కట్టె అది! తుమ్మ కూడా దాని ముందు ముల్లంగి. చేయి అదిరింది, పళ్లు జివ్వుమన్నాయి, అయినా నల్లటి పొట్టు దారంలా లేచింది. పెళ్లినాడు కూడా నేను అంత సంతోషపడలేదు. ఏమన్నా అనుకోండి.

కట్టె వేడెక్కింది. తుమ్మకోళ్లు వేడెక్కితే తడిగుడ్డ చుట్టడం మాకు అలవాటు. నేనూ అదే చేశాను. టప్‌మంది. పిడి నిలువునా పగిలింది.

మా ఆయన వచ్చి పగిలిన పిడినీ, దాని మీది తడిగుడ్డనూ చూశాడు. ఆ వెనకే రహీం భాయ్ లోపలికి వచ్చాడు.

"దీనికి తడిగుడ్డ ఎందుకు సుట్టినవ్ భాయ్?"

"నేను సుట్టలే. గిప్పుడే వస్తున్న. చెల్లె ఇంట్లనే ఉన్నది గద, అడుగు."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు సూసినవా?"

"నాకేం ఎర్క? నేను లోపట బియ్యం ఏరుతున్న. పొద్దుగాల సంది నమాజుకు పోయేదాక భాయే కూసున్నడు దాని కాడ."

రహీం భాయ్ నా చేతులు చూశాడు. గోళ్లనిండా నల్లటి పొట్టు. చూసీ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు? అంటే నేను ఇంకో అబద్ధం ఆడతానని అప్పటికే అర్థమైందా? తన ఉలులు రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. కట్టెను పాడుచేసింది భాయేనని దొర మనుషులు ఊరంతా చాటారు. ఆ తర్వాత ఏ కొట్టంలోనూ ఆయనను పనికి పెట్టుకోలేదు. అంత పనిమంతుడు రోడ్డు పక్కన కూర్చుని, చెరుకు కొట్టే కత్తులకు పిడులు వేసుకుంటూ బతికాడు. నేను ఆ దారిన నడవడం మానేశాను.

ఇంకా ఉంది. రహీం భాయ్ మా కొట్టం వదిలి వెళ్లాక పని కుప్పలుగా పడింది. అప్పుడు మా ఆయనే తలుపు దగ్గరగా వేసి నా చేతికి ఉలి ఇచ్చాడు. పదును పోలేదు! ఆ పెద్దమనిషి పీట మీదే కూర్చుని ఏళ్ల తరబడి చెక్కాను. జనం మా ఆయన పనితనమని మెచ్చుకున్న కోళ్లలో సగం నావి. నేను కోరుకున్నది నాకు దొరికింది. ఎవరిని లేపి కూర్చున్నానో తెలిసే కూర్చున్నాను.

ఉలి పట్టినందుకు తప్పయిందని ఈ వయసులోనూ అనను. నన్ను పట్టనిచ్చి ఉంటే, ఎందుకు చల్లారనిస్తున్నావు భాయ్ అని ఎదురుగా అడిగేదాన్ని. ఆయన చెప్పేవాడు, కట్టె బతికేది. ఆ పగులులో మా అత్తకూ, మా ఆయనకూ వాటా ఉంది. అబద్ధంలో మాత్రం ఎవరికీ లేదు. నిజం చెప్పి ఉంటే నన్ను తన్నేవారేమో, పుట్టింటికి తోలేవారేమో. తోలితే పోయేదాన్ని. నాకు పోవడానికి పుట్టిల్లన్నా ఉంది. రహీం భాయ్‌కు ఆ పని తప్ప ఏముంది?

ఆయన నన్నేమీ అడగలేదు, ఉన్నది చెబుతానని మాత్రం నమ్మాడు. చెబుతున్నాను. వినేవాడు లేడని తెలిసే చెబుతున్నాను.

భాయ్, నేను బియ్యం ఏరలే. తడిగుడ్డ సుట్టింది నేనే.