పక్కింటి వాకిట్లోకి వంగిన గెలాక్సీ

కృష్ణగిరిలో పాత్రల అంగడి శ్రీరంగయ్య భార్య జ్ఞానాంబకు ఉన్న గర్వమంతా ముగ్గు మీదే. ఒకసారి వేసిన గీతను ఎవరు చెప్పినా చెరిపే మనిషి కాదు. ఎనభై నాలుగులో ఆడపిల్లల బడిలో సైన్సు ప్రదర్శన పెడితే, చూడబోయి ఒక ఫోటో ముందు నిలబడిపోయింది. నడుమ కట్టె పెట్టినట్టు బారుగా వెలుగు. దాని రెండు కొసల నుంచీ వంపు తిరిగిన రెండు చేతులు.

"ఈ ముగ్గు ఎవురు వేసినారు టీచరమ్మా?"

హేమావతి టీచరు నవ్వు ఆపుకుంది. "ముగ్గు కాదమ్మా, గెలాక్సీ. అన్నీ నక్షత్రాలే. నడిమధ్యన కంటికి కనపడని పెద్ద గుంత ఉంది. దాంట్లో పడబోయే ఆవిరంతా కాగి అట్లా మండతా ఉంది. ఆ వెలుతురు ఈడికి వచ్చేదానికి కోట్ల ఏండ్లు పట్టినాది."

ఇంటికొచ్చి చెబితే శ్రీరంగయ్య, "అయితే మన హోసూరు బస్సే మేలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జ్ఞానాంబ పిండి డబ్బా పట్టుకుంది. నడిమికి పసుపూ కుంకుమా పోసింది. ముగ్గు ఎడమ చేతిని తన గడప వైపు వంచింది. కుడి చేతికి చోటు చాలలేదు. అది పక్కింటి వాకిట్లోకి పోయింది.

పక్కింటి వసంతలక్ష్మి చీపురుతో వచ్చింది. "జ్ఞానక్కా, నీ తోక నా వాకిట్లో ఏం చేస్తా ఉంది?"

"తోక కాదు, చెయ్యి! కోట్ల ఏండ్ల దూరం నుంచి వచ్చినాది, రవ్వంత చోటియ్యి."

"నా వాకిట్లో అయితే నేనే వేస్తాను" అని వసంతలక్ష్మి పిండి లాక్కుంది. ఆమె కూడా తన గడప వైపే వంచింది.

"వీధి వైపు వంచల్ల!"

"వంచితే సైకిళ్లు తొక్కవా?"

వాదన తెగకముందే హేమావతి బడికి పోతూ అటు వచ్చింది. చూసి, "రెండూ ఇంటి వైపే వంగితే ఎద్దు కొమ్ములమ్మా ఇవి! ఒకటి ఇటు, ఒకటి అటు ఉండల్ల. ఏది ఎటైనా సరే" అంది.

జ్ఞానాంబ పక్కింటి వంపును చాలాసేపు చూసింది. ఎక్కడా వణుకు లేదు. అంత నున్నని వంపు తనకు ఎన్నడూ కుదరలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ముగ్గులో తాను వంచిన చేతిని కడిగేసింది.

గడపలో శ్రీరంగయ్య నోరు తెరిచాడు. "ఏమ్మే, ఒంట్లో బాగుందా?"

"పక్కకు జరగండి" అని ఆమె వీధి వైపు కొత్త గీత లాగింది.

కాసేపటికే పాలసైకిలు దాని మీదుగా పోయింది. జ్ఞానాంబ తిట్టింది. వసంతలక్ష్మి అంతకన్నా గట్టిగా తిట్టింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రెండు వాకిళ్లకూ ఒకటే ముగ్గు. నడిమికి పసుపు ఎవరు పోయాలన్న జగడం మాత్రం ఎన్నటికీ తేలలేదు.